నాలుగేండ్ల కొలువు - పదవయేటి లెక్క

తెల్లవారుజామున మన జిల్లాలలో ఏ ఊరి పొలిమేరకు పోయినను బారులు తీరి పరుగెత్తు కుఱ్ఱవాండ్రు కానవచ్చెదరు. ఒకని కాళ్లకు అరువు తెచ్చిన బూట్లు, ఒకడు వట్టికాళ్లతోనే, వెనుక సైకిలుపై గడియారము పట్టుకొని నిమిషములు లెక్కించు స్నేహితుడు. ఇది సైన్యపు ఎంపికకు సాధన. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలనుండి సైన్యమునకు పోవు అలవాటు నేటిది కాదు. పూర్వము పొట్ట చేతబట్టుకొని రంగూను ఓడ నెక్కిన కుటుంబములు, తరువాత గోగునార మిల్లులను నమ్ముకొన్న కుటుంబములు, నేడు హైదరాబాదు, చెన్నపట్నముల కట్టడపు పనులకు పోవు కుటుంబములు గల సీమ యిది. రెండెకరముల వర్షాధారపు గరువు నలుగురిని పోషింపజాలని చోట, నెలజీతము తెచ్చు కొలువును కొడుకు కోరుట తప్పని యెవ్వరనగలరు?

వ్యవసాయ ప్రదర్శకులకు సైన్యపు సంగతి ఏల యని కొందఱు సభ్యులడుగవచ్చును. కారణము చెప్పెదము. గత కోతలకాలమున చీపురుపల్లి ప్రాంతపు ఒక గ్రామమున విత్తనములనుగూర్చి మాటాడుటకు పోయియుంటిమి. పని ముగిసిన పిదప ఒక రైతు మమ్ము చాటుగా పిలిచి, "బాబూ, మావాడు అగ్నివీరుడు. నాలుగేండ్లు ముగియగనే వానికి పండ్రెండు లక్షలు వచ్చునట. ఇంటి కప్పు వేయుటకు వడ్డీకి తెచ్చితిని. పిల్ల పెండ్లికి మాట యిచ్చితిని. పక్క మడిచెక్కకు బయానా యిచ్చితిని. ఆ సొమ్ము చాలునా?" అని యడిగెను. కాగితముపై కూడి చూచితిమి. రాబోవు సొమ్ము రాకమునుపే మూడు చోట్ల ఖర్చయి, ఇంకను చాలక యున్నది. దానిని సంపాదించుచున్న కుఱ్ఱవాని పేర ఒక్క రూపాయియు మిగులలేదు. ఆకుమడి పోయకమునుపే పంట నమ్ముకొన్నట్లున్నది. ఈ వ్యాసము ఆ తండ్రి నడిగిన ప్రశ్నకు మా జవాబు.

ముందుగా ఏర్పాటు ఎట్టిదో స్పష్టముగా తెలిసికొందము. భారత ప్రభుత్వము 2022 జూన్ 14న అగ్నిపథ మను పథకమును ప్రకటించినది. పదునేడున్నర మొదలు ఇరువదియొక్క ఏండ్ల వయస్సువారిని (ఆ మొదటి సంవత్సరము మాత్రము ఇరువదిమూడేండ్ల వరకు) నాలుగేండ్లకు చేర్చుకొందురు. గడువు ముగిసిన పిదప నూటికి 25గురికి మించకుండ ఏరి కొలువులో నిలుపుకొందురు. తక్కినవారు ఇల్లు చేరవలెను. పెన్షను లేదు, గ్రాట్యుటీ లేదు. ఈ ప్రకటన వెలువడినపుడు ఎంతోకాలముగా సాధన చేయుచున్న యువకులు కలతచెందిరి. 2022 జూన్ 17న సికిందరాబాదు రైలుస్టేషనులో జరిగిన అల్లరియు, అందొక యువకుడు ప్రాణము కోల్పోవుటయు అందఱెఱిగినదే. పిదప ఎంపికలు సాగినవి. నౌకాదళపు తొలి జట్టు ఇచ్ఛాపురమునకు ఆవల ఒడిషాలోనున్న చిలక శిక్షణ కేంద్రమున తర్ఫీదు ముగించుకొని 2023 మార్చి 28న కవాతు చేసినది. అందు యువతులును కలరు. పదాతిదళపు తొలి జట్టు 2023 జనవరిలో తర్ఫీదున చేరినది. కావున తొలి జట్ల నాలుగేండ్లు 2026 చివర, 2027 మొదట నిండును. ఒక ఊరినుండి నలుగురు పోయియున్నచో ముగ్గురు ఇరువదియొకటి, ఇరువదిరెండు, ఇరువదియైదేండ్ల ప్రాయమున మరల మన అరుగులమీదకు వచ్చెదరు. ఇది ఏటేట జరుగు పని.

ఇక సొమ్ము సంగతి. మొదటి యేట నెలజీతము 30,000 రూపాయలు. రెండవ యేట 33,000. మూడవ యేట 36,500. నాలుగవ యేట 40,000. ఇందు నూటికి 30 వంతున సేవానిధికి పట్టుకొందురు. చేతికి వచ్చునది మొదటి యేట 21,000, నాలుగవ యేట 28,000. నాలుగేండ్లలో కుఱ్ఱవాని జీతమునుండి నిధికి పోవునది సుమారు 5 లక్షల 2 వేలు. ప్రభుత్వము అంతే సొమ్ము కలుపును. వడ్డీతో కూడ చివర నందునది సుమారు 11 లక్షల 71 వేలు. దానిపై ఆదాయపు పన్ను లేదు. సేవలో నుండగా 48 లక్షల జీవితభీమా కలదు. దాని కతడు చెల్లింపవలసినదేమియు లేదు.

తండ్రులు ఈ లెక్కలో రెండు సంగతులు గమనింపవలెను. సేవానిధిలోని అసలులో సగము మీ కొడుకు నెలనెల మానుకొన్న జీతము. అది ఎవ్వరో యిచ్చిన బహుమానము కాదు. రెండవది: 11 లక్షల 71 వేలు పెద్ద మొత్తముగా తోచును గాని, నూటికి ఏటికి 7 రూపాయల వడ్డీ వచ్చుననుకొన్నచో దానిపై ఏడాదికి వచ్చునది 82 వేలకు లోపు, నెలకు 6,800 రూపాయలు. పూర్వపు సిపాయి పదునైదేండ్లు చేసి ఊరు చేరినపుడు నెలనెల పెన్షను వచ్చెడిది. ఆ పెన్షను ఎవ్వరును అమ్ముకొనజాలరు, బావమరది అప్పుగా అడుగజాలడు. ఒక్కసారి వచ్చు మొత్తమునకు ఆ రక్షణ లేదు. పూర్వపు సిపాయి ఇంటిని చూచి నేటి అగ్నివీరుని ఇంటికి అంచనా కట్టుట పొరపాటు.

సైన్యసేవ యువకుని తరువాతి సంపాదనను పెంచునా, తగ్గించునా? ఈ ప్రశ్నకు ఊరి రచ్చబండమీద దొరకు జవాబు నమ్మదగినది కాదు. ఏలయన, సైన్యమున చేరువాడు ఊరిలో అందఱికంటె దృఢకాయుడు, పట్టుదల గలవాడు. అతడు తరువాత బాగుపడినచో అది సైన్యపు గుణమా, అతని గుణమా? మంచి విత్తనమును చెఱువు క్రింది మడిలో చల్లి, పాత విత్తనమును చవుటినేలలో చల్లి, దిగుబడులు సరిపోల్చి చూపువానిని మన సభ్యులు పరిహసింపక మానరు. అందులకే రాగోలువంటి పరిశోధనాక్షేత్రములలో ఏ మడికి ఏ విత్తనమో చీటీ వేసి నిర్ణయింతురు. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ క్షేత్రమున ఫిషరు పండితుడు 1920 తరువాతి సంవత్సరములలో స్థిరపఱచిన పద్ధతి యిది.

మన దేశమున నిర్బంధ సైనికసేవ లేదు. మన సిపాయిలు తమ యిష్టముతో పోవువారు. నిర్బంధసేవ గల దేశములలో మాత్రము ప్రభుత్వమే, తా నెఱుగకయే, ఇట్టి మడుల పరీక్ష జరిపినది. అమెరికాలో వియత్నాము యుద్ధకాలమున, 1969 డిసెంబరు 1న, ఏడాదిలోని తేదీలు వ్రాసిన చీటీలను గాజుపాత్రనుండి ఒక్కొక్కటిగా తీసిరి. ముందు వచ్చిన తేదీన పుట్టినవారు ముందు సైన్యమునకు పోవలెను. బలవంతుడా, చదువరియా, ధనికుడా యని ఆ చీటీ చూడలేదు. కావున ముందు తేదీలవారి సంపాదనను, వెనుక తేదీలవారి సంపాదనను తరువాత సరిపోల్చినచో సైన్యసేవ ఫలితము బయటపడును.

ఆంగ్రిస్టు అను పండితుడు 1990లో ఈ లెక్క ప్రకటించెను. సేవ ముగిసి చాలకాలమైన పిదప, 1980 తరువాతి తొలి యేండ్లలో, సైన్యమునకు పోయివచ్చిన తెల్లజాతివారి సంపాదన పోనివారికంటె నూటికి 15 వంతున తక్కువగా ఉండెను. పౌరవృత్తిలో నేర్చుకొనవలసిన ఏండ్లు సైన్యమున గడచిపోవుట ఇందులకు హేతువని ఆయన తలచెను. హాలెండు దేశమున ఇంబెన్సు అను పండితుడు సహచరునితో కూడి 1995లో చూపిన లెక్కలోను, సేవ చేసిన పదేండ్లకు సంపాదన నూటికి 5 వంతున తగ్గియుండెను. ఒక యేటి అనుభవము పోయిన నష్టమునకు అది సుమారు సమానము.

ఇంతవరకు విని, "అట్లయిన మా వానిని పంపము" అని తొందరపడవలదు. మిగిలిన సగము వినవలెను. కార్డు అను పండితుడును, కార్దోజో అను విదుషియు పోర్చుగలు దేశపు శాంతికాల నిర్బంధసేవను పరిశీలించి 2012లో ఫలితములు ప్రకటించిరి. ప్రాథమికవిద్య మాత్రమే గలవారికి సైన్యసేవవలన కూలి నూటికి 4, 5 వంతున పెరిగినది. అంతకంటె ఎక్కువ చదివినవారికి లాభమును లేదు, నష్టమును లేదు. ఆంగ్రిస్టు పండితుడే మఱియొక సహచరురాలితో కూడి 2011లో మరల చూడగా, అమెరికా సిపాయిలు ఏబదియేండ్ల ప్రాయమునకు వచ్చుసరికి వారి వెనుకబాటు దాదాపు తీరిపోయియుండెను. తిరిగివచ్చిన సిపాయిల చదువుకు ప్రభుత్వ మిచ్చిన ధనసహాయముతో పలువురు మరల చదువుకొనుట ఇందుల కొక కారణము. ఆంగ్రిస్టు, కార్డు, ఇంబెన్సు - ఈ మువ్వురును 2021లో అర్థశాస్త్రపు నోబెలు బహుమానమును పంచుకొనిరి. వీరు ముగ్గురును తమ తమ కాలములలో ఈ ఒక్క ప్రశ్నను త్రవ్విచూచిరనుట మనకు గమనింపదగిన విషయము.

ఆ దేశముల నేల వేఱు, మన నేల వేఱు. అచ్చటి అంకెలను తెచ్చి యథాతథముగా మన మళ్లలో నాటరాదు. నాలుగేండ్ల కొలువుకు మన రూపాయి విలువలో దక్కు జీతము, ఇక్కడ పనులు దొరకని తీరు ఇవి వేఱుగానున్నవి. కాని ఆ లెక్కలన్నింటిలో ఒకే నీతి కానవచ్చుచున్నది. సైన్యసేవ తనంతట తానుగా బ్రదుకును నిలుపదు, చెఱుపదు. ఆ యేండ్లలో యువకుడు దేనిని విడిచిపోయెనో, తిరిగివచ్చి దేనియందు చేరెనో, ఆ రెండే ఫలితమును నిర్ణయించును. చేతిలో పనియు చదువును లేనివాడు సేవలో క్రమశిక్షణయు నైపుణ్యమును సంపాదించి లాభపడును. సగము నేర్చిన చదువునో, వృత్తినో విడిచిపోయినవాడు వెనుకబడును. వెనుకబడినవాడును చదువువలన మరల అందుకొనగలడు. అందుచేత ఈ బేరమును ఐదవయేట చేతికి వచ్చు మొత్తమును చూచి తూచరాదు. పదవయేట ఆ యువకుడు నెలకేమి సంపాదించుచున్నాడో చూచి తూచవలెను. ఆకుమడి పచ్చదనము చూచి మురిసినవాడు రైతు కాడు. కళ్లములో గింజ కొలిచినవాడే రైతు.

పదవయేటి లెక్క బాగుండుటకు ఏమి చేయవలెను? మాకు తోచినవి విన్నవించెదము.

పోవుటకు ముందు. పాలిటెక్నిక్కునందో, ఐ.టి.ఐ.యందో చేరి సగము చదివినవాడు దానిని ముగించి పోవుట మేలు. వయస్సు గడువులోపల నున్నచో ఒక యేడు ఆగుటవలన నష్టము లేదు. విడిచిన చదువు నాలుగేండ్ల తరువాత అదే చోట వేచియుండదు. సాధనకై వేలకు వేలు ఫీజు పుచ్చుకొను శిక్షణ కేంద్రములకు వడ్డీ సొమ్ము తెచ్చి కట్టవలదు. పరుగెత్తుటకు ఊరి బాట చాలును. వ్రాతపరీక్షకు పాఠశాల ఉపాధ్యాయుని సాయంకాలపు గంట చాలును. ఎంపిక కాని కుఱ్ఱవాని అప్పు కూడ అప్పే యని తండ్రి మఱవరాదు. ఎంపికైనవారికంటె కానివారే ఎక్కువమంది.

సేవలోనున్న కాలమున. పదవతరగతితో చేరినవారికి జాతీయ సార్వత్రిక విద్యాలయము ద్వారా పండ్రెండవతరగతి యోగ్యతయు, ఇందిరాగాంధి సార్వత్రిక విశ్వవిద్యాలయము ద్వారా మూడేండ్ల డిగ్రీయు పొందు ఏర్పాటులు 2022లోనే ప్రకటింపబడినవి. ఆ డిగ్రీకి కావలసిన మార్కులలో సగము సైన్యపు తర్ఫీదునకే లెక్కింతురు. ఇట్టి అవకాశము పేదరైతు కొడుకునకు మఱియొక చోట దొరకదు. తండ్రులారా, నెలనెల ఇంటికి సొమ్ము పంపుమని వ్రాయునపుడే, పరీక్ష ఎపుడని కూడ అడుగుడు. డిగ్రీ లేక తిరిగివచ్చినవాడు కావలి ఉద్యోగము వెదకును. డిగ్రీతో తిరిగివచ్చినవాడు పోటీపరీక్షకు కూర్చుండును. కేంద్ర సాయుధ పోలీసు దళములందును, తీరరక్షక దళమునందును, రక్షణశాఖ పౌరోద్యోగములందును నూటికి 10 స్థానములు అగ్నివీరులకు కేటాయింతుమని 2022లో ప్రకటించిరి. ఆ నిబంధనలు మాఱుచుండును గనుక గడువు ముగియుటకు ఏడాది ముందునుండియే తాజా ప్రకటనలను చదువుచుండవలెను.

తిరిగివచ్చిన తరువాత. సేవానిధి మొత్తమును ఒక్క యేడు తాకకుండుడు. ఆ యేడు యువకునికి ఊపిరి తీసికొని చుట్టు చూచుకొను కాలము. మొదటి ఆఱునెలలలోనే ఇల్లు, పెండ్లి, ఊరేగింపులకు ఖర్చయిన సొమ్ము ఎన్నటికి తిరిగిరాదు. ఎక్కువ వడ్డీ ఆశ చూపు కంపెనీలను, చీటీలవారిని గుమ్మము దాటనీయకుడు. డిపాజిటు చేయుటలో కూడ జాగ్రత్త వహింపవలెను. జిల్లా కేంద్ర సహకార బ్యాంకులోను, ఇతర బ్యాంకులలోను ఒక్కొక్క డిపాజిటుదారునకు 5 లక్షల వరకు భీమా 2020 నుండి ఏర్పడినది. గ్రామ సహకార సంఘములోని డిపాజిట్లకు ఆ భీమా లేదు. సంఘపు పత్రికలో ఈ మాట వ్రాయుట మాకు కొంత ఇబ్బందియే. అయినను సభ్యునికి నిజము చెప్పని సంఘము సంఘమే కాదు. కావున సొమ్మును మూడు బ్యాంకులలో 5 లక్షలకు లోపుగా పంచి యుంచుట క్షేమకరము. ట్రాక్టరు కొనవలెనని ముచ్చటపడువారికి ఒక మాట: రెండెకరముల రైతు ఒక్కడే కొన్న ట్రాక్టరు ఏడాదిలో ఎక్కువ దినములు పాకలో నిద్రించును, వాయిదాలు మాత్రము నిద్రింపవు. నలుగురైదుగురు కూడి యంత్రములు కొని, అద్దెకు త్రిప్పుచు, బాగుచేయుటను తామే నేర్చుకొన్నచో ఫలించును. వాహనముల మరమ్మతు సైన్యమున నేర్చినవాడు ఇట్టి కూటమికి ఆయువుపట్టు.

ఇక మన సంఘముల బాధ్యత. రెండవ ప్రపంచయుద్ధము ముగిసి సైనికులు వేలకు వేలు ఇండ్లకు చేరినపుడు, ఈ జిల్లాల పల్లెలుకూడ నాడు చేరియున్న మదరాసు రాష్ట్రమున, మాజీ సైనికులకై మోటారు రవాణా సహకార సంఘములును, భూమి సాగు సహకార సంఘములును నెలకొల్పబడినవి. తిరిగివచ్చువానికి స్థానము కల్పించుట సహకారోద్యమమునకు క్రొత్త కాదు. ప్రతి సంఘమును తన పరిధిలోని గ్రామములనుండి పోయినవారి పేర్లును, వారి గడువు ముగియు నెలయు వ్రాసిన పట్టిక నొకదానిని ఇప్పుడే తయారుచేయవలెను. వారు రాగానే సభ్యత్వ మీయవలెను. బ్యాంకు డిపాజిటును విఱువకుండ, దాని హామీపై తక్కువ వడ్డీకి అప్పు దొరకునట్లు జిల్లా బ్యాంకుతో మాటాడవలెను. ఎఱువుల గిడ్డంగి, ధాన్యపు కొనుగోలు, కంప్యూటరు లెక్కలు మొదలగు పనులకు మనుష్యులు కావలసివచ్చినపుడు వీరిని ముందు తలపవలెను. వేళకు వచ్చువాడు, లెక్క అప్పగించువాడు, ఆజ్ఞకు కట్టుబడువాడు మన గిడ్డంగులకు కఱవే గదా.

ప్రభుత్వమునకు మా మనవి ఒక్కటే. నైపుణ్యపు యోగ్యతాపత్రము ఇత్తుమని చెప్పినారు. ఆ పత్రమున "క్రమశిక్షణ గలవాడు" అని వ్రాసిన చాలదు. ఏ యంత్రము బాగుచేయనేర్చెనో, ఏ వాహనము నడుపనేర్చెనో, ఎన్ని నెలల అనుభవము గలదో, పౌరసంస్థలు గుర్తించు పేరుతో వ్రాయింపవలెను. అది లేనియెడల యువకుడు నేర్చినదంతయు కొలువు గుమ్మమునొద్దనే నిలిచిపోవును.

దేశసేవను రూపాయలతో తూచుచున్నామని మమ్ము నిందింపవలదు. మంచుకొండలలో కావలి కాచినవాని ఋణము ఏ లెక్కకును అందదు. అందులకే అతడు ఊరు చేరిన పిదప దారి తప్పకుండ చూచుట మన విధి. చీపురుపల్లి ప్రాంతపు ఆ రైతుకు మేము చెప్పిన జవాబు ఇదే: "అయ్యా, ఆ సొమ్ము చాలదు. దానితో నీ మూడు అప్పులు తీరవు. తీర్చినచో నీ కొడుకు బ్రదుకు మొదలుకాదు. బయానా వెనుకకు తీసికొనుము, పెండ్లిని నీ శక్తికొలది చేయుము, ఇంటి అప్పును పంటమీద మెల్లగా తీర్చుకొనుము. వాని సొమ్ము వానికి విడువుము." ఆయన కొంతసేపు నేలచూపు చూచి, "వానికి ఉత్తరము వ్రాసెదను బాబూ, పరీక్ష సంగతి కూడ అడిగెదను" అనెను. బయానా మాట మాత్రము ఎత్తలేదు. వచ్చు కోతలకు మరల ఆ ఊరు పోయెదము. ఆ లెక్క ఏమైనదో అప్పుడడిగి తెలిసికొందుము.